పాఠం 6: క్లాసులను గుర్తించడం – ఒకే మాటలో దాగిన మూడు భావనలు

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• ఒక సమస్యా వివరణ నుండి క్లాసులను ఎలా గుర్తించాలో వివరించగలరు.
• వాడుకలో ఒకే పేరుతో పిలిచే వేర్వేరు భావనలను విడదీయగలరు.
• క్లాసుల మధ్య సంబంధాలను, ఆ సంబంధాలలోని సంఖ్యలను రాయగలరు.
• ఏ బాధ్యతను ఏ క్లాసుకు అప్పగించాలో నిర్ణయించగలరు.
• మీరు తయారుచేసిన నమూనాను సంఘటనలతో పరీక్షించగలరు.

6.1 ఉపోద్ఘాతం

ఆబ్జెక్ట్, క్లాసు, లక్షణం, ఆపరేషన్ అనే పదాల అర్థాలు కిందటి పాఠాల్లో తెలుసుకొన్నారు. అర్థాలు తెలిసినా, ఒక నిజమైన సమస్య ముందు కూర్చున్నప్పుడు చాలామంది విద్యార్థులకు ఒకే సందేహం వస్తుంది: "ఇందులో ఏవి క్లాసులు?" ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతుంది.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. బస్ స్టేషన్‌లో విచారణ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"రాత్రి తొమ్మిది గంటల బస్సు రోజూ ఉంటుందా?"
"రేపటి బస్సులో కిటికీ సీటు దొరుకుతుందా?"
"బస్సు చెడిపోయిందట, వేరే బస్సు పంపిస్తున్నారు."

మూడు వాక్యాల్లోనూ 'బస్సు' అనే మాటే ఉంది. వినేవారికి ఇబ్బంది లేదు, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకొంటారు. కంప్యూటర్‌కు ఆ వీలు లేదు. ఈ సంభాషణ విన్న విద్యార్థి 'బస్సు' అనే ఒకే క్లాసు రాసి, అందులో సర్వీసు నంబరు, బయలుదేరే సమయం, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, సీట్లు అన్నీ చేర్చాడనుకోండి. మొదటి రోజు ప్రోగ్రాం బాగానే పనిచేస్తుంది. తరవాత ఇబ్బందులు మొదలవుతాయి. తొమ్మిది గంటల సమయాన్ని తొమ్మిదిన్నరకు మారిస్తే, రాబోయే ప్రతి తేదీకి ఉన్న రికార్డునూ విడివిడిగా దిద్దాలి. వాహనం చెడిపోయినప్పుడు గుమాస్తా పాత బస్సు రికార్డును తొలగించి కొత్తది చేరిస్తే, పాత రికార్డుతో ముడిపడిన టికెట్లు కూడా దానితోపాటు పోతాయి. చేతిలో టికెట్టు ఉన్న ప్రయాణికుడికి కండక్టర్ దగ్గరి చార్టులో పేరు ఉండదు. ప్రోగ్రాం రాయడంలో తప్పు జరగలేదు. తప్పు అంతకు ముందే, విశ్లేషణలో జరిగింది.

గమనిక: ఇది పాఠం కోసం తీసుకొన్న ఉదాహరణ మాత్రమే. ఏ రవాణా సంస్థ వాడే సాఫ్ట్‌వేర్‌నూ ఇది వర్ణించదు.

6.2 నేపథ్యం

క్లాసు అనే ఆలోచన బయటి ప్రపంచాన్ని కంప్యూటర్‌లో చూపించే ప్రయత్నం నుండి పుట్టింది. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఒలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిమ్యులా అనే భాషను రూపొందించారు. నిజజీవితంలోని వ్యవస్థలు ఎలా నడుస్తాయో కంప్యూటర్‌పై అనుకరించి చూడటం దాని ఉద్దేశం. సిమ్యులా 67లో క్లాసు, ఉపక్లాసు అనే భావనలు వచ్చాయి. ఈ కృషికి వారిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు లభించింది. 1970లలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో తయారైన స్మాల్‌టాక్ భాష ఈ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లింది.

ప్రోగ్రామింగ్ భాషలు వచ్చిన తరవాత, ప్రోగ్రాం రాయకముందే సమస్యను ఆబ్జెక్టుల రూపంలో అర్థం చేసుకొనే పద్ధతులు అవసరమయ్యాయి. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జాకబ్సన్ తలా ఒక పద్ధతిని ప్రతిపాదించారు. తరవాత ఆ ముగ్గురూ కలిసి చేసిన కృషి నుండి యూఎంఎల్ అనే చిత్రభాష వచ్చింది. ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 1997 నవంబరులో దీనిని ప్రమాణంగా ఆమోదించింది. ఈ పాఠంలోని క్లాసు చిత్రాలను మీరు యూఎంఎల్ పద్ధతిలోనే గీయాలి.

ఒక విషయం గుర్తుంచుకోండి. యూఎంఎల్ గీతలు, పెట్టెలు మీ ఆలోచనను చూపిస్తాయి. మీ బదులు అవి ఆలోచించవు. పెట్టెలో ఏ పేరు రాయాలన్నది మీరే తేల్చుకోవాలి.

6.3 విశ్లేషణ, రూపకల్పన: తేడా

సమస్యలో ఏమున్నదో, వ్యవస్థ ఏమి చేయాలో తెలుసుకోవడం విశ్లేషణ. దానిని సాఫ్ట్‌వేర్‌లో ఎలా అమర్చాలో నిర్ణయించడం రూపకల్పన. 'ట్రిప్పు', 'టికెట్టు' వంటి మాటలు విశ్లేషణలో వస్తాయి. డేటాబేస్ పట్టికలు, తెరలు, నెట్‌వర్కు వంటివి రూపకల్పనలో వస్తాయి. విశ్లేషణ నమూనాను డిపో మేనేజరుకు చూపిస్తే ఆయన "అవును, మా దగ్గర ఇలాగే జరుగుతుంది" అనో, "కాదు, ఇక్కడ పొరపాటుంది" అనో చెప్పగలగాలి. ఆయనకు అర్థం కాని మాటలు అందులో ఉంటే, మీరు తొందరపడి రూపకల్పనలోకి వెళ్లారని గ్రహించండి.

విశ్లేషణకు మొదటి ఆధారం యూజ్ కేస్. వ్యవస్థను వాడే వ్యక్తి ఒక ప్రయోజనం కోసం వ్యవస్థతో జరిపే వ్యవహారాన్ని వరుసగా రాస్తే అది యూజ్ కేస్ అవుతుంది. మన ఉదాహరణకు ఇలా రాయవచ్చు.

యూజ్ కేస్: సీటు రిజర్వు చేయడం
1. ప్రయాణికుడు ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీ చెబుతాడు.
2. ఆ తేదీన ఉన్న బస్సులను, బయలుదేరే సమయాలను, ఛార్జీలను వ్యవస్థ చూపిస్తుంది.
3. ప్రయాణికుడు ఒక బస్సును ఎంచుకొంటాడు.
4. వ్యవస్థ ఖాళీ సీట్లను చూపిస్తుంది.
5. ప్రయాణికుడు సీట్లను ఎంచుకొని, ప్రయాణించేవారి పేర్లు ఇచ్చి, సొమ్ము చెల్లిస్తాడు.
6. వ్యవస్థ టికెట్టు జారీచేస్తుంది.

6.4 నామవాచకాల జాబితా

యూజ్ కేస్‌లోని నామవాచకాలను గుర్తించడం క్లాసులు వెతకడానికి సులభమైన మొదటి మెట్టు. పై వివరణలో ప్రయాణికుడు, ఊరు, తేదీ, బస్సు, సమయం, ఛార్జీ, సీటు, పేరు, సొమ్ము, టికెట్టు, వ్యవస్థ అనే మాటలున్నాయి. వీటిని ఇలా వడపోయాలి.

అ) మనం తయారుచేసేదే 'వ్యవస్థ' కాబట్టి దానిని వదిలేయాలి.
ఆ) తేదీ, సమయం, పేరు వంటివి వేరొకదానిని వర్ణించే విలువలు. ఇవి లక్షణాలు అవుతాయి.
ఇ) ఒకే అర్థమున్న రెండు మాటలుంటే ఒకటి ఉంచుకోవాలి. మన వివరణలో 'ఊరు' అన్నది నిజానికి బస్సు ఆగే స్థలం. కాబట్టి 'స్టాపు' అనే పేరు సరిపోతుంది.
ఈ) ఒకే మాటకు వేర్వేరు అర్థాలుంటే ఆ మాటను విడదీయాలి.

మొదటి మూడూ అన్ని పుస్తకాల్లోనూ కనిపిస్తాయి, విద్యార్థులు తేలికగా నేర్చుకొంటారు. నాలుగోదాన్నే ఎక్కువమంది మరచిపోతారు. కారణం, జాబితాలో ఆ మాట ఒక్కసారే కనిపిస్తుంది, దాని వెనకున్నవి కనిపించవు.

6.5 'బస్సు' అనే మాటను విడదీయడం

ఒక మాట వెనక ఎన్ని భావనలున్నాయో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేయండి.

1. గుర్తింపు: దీనిని దేనితో గుర్తుపడతాం?
2. ఆయుష్షు: ఇది ఎప్పుడు మొదలై, ఎప్పుడు ముగుస్తుంది?
3. మార్పు: ఏ సంఘటన దీనిని మారుస్తుంది?

ఇప్పుడు విచారణ కౌంటర్ దగ్గర విన్న మూడు వాక్యాలకు వద్దాం.

"రాత్రి తొమ్మిది గంటల బస్సు రోజూ ఉంటుందా?" ఇక్కడ బస్సు అంటే టైంటేబుల్‌లోని ఒక ఏర్పాటు. సర్వీసు నంబరుతో దానిని గుర్తుపడతాం. సంస్థ దానిని ప్రవేశపెట్టినప్పుడు మొదలవుతుంది, ఎత్తివేసినప్పుడు ముగుస్తుంది. సమయం మార్చడం, కొత్త స్టాపు చేర్చడం దానిని మారుస్తాయి. దీనిని 'సర్వీసు' అందాం.

"రేపటి బస్సులో కిటికీ సీటు దొరుకుతుందా?" ఇక్కడ బస్సు అంటే ఆ సర్వీసు ఒక నిర్దిష్టమైన రోజున చేసే ప్రయాణం. సర్వీసు నంబరు, తేదీ కలిపితేనే దానిని గుర్తుపట్టగలం. ఆ తేదీకి రిజర్వేషన్ తెరిచినప్పుడు మొదలై, గమ్యం చేరినప్పుడు ముగుస్తుంది. సీటు అమ్ముడవడం, ఆలస్యం కావడం, రద్దు కావడం దానిని మారుస్తాయి. దీనిని 'ట్రిప్పు' అందాం.

"బస్సు చెడిపోయిందట." ఇక్కడ బస్సు అంటే చక్రాలు, ఇంజను ఉన్న బండి. రిజిస్ట్రేషన్ నంబరుతో గుర్తుపడతాం. కొన్నప్పుడు మొదలై, పనికిరాదని పక్కన పెట్టినప్పుడు ముగుస్తుంది. మరమ్మతు, డిపో మార్పు దానిని మారుస్తాయి. దీనిని 'వాహనం' అందాం.

మూడు ప్రశ్నలకూ మూడు వేర్వేరు సమాధానాలు వచ్చాయి. అందువల్ల ఇవి మూడు క్లాసులు. సమాధానాలు ఒకటే అయి ఉంటే పేర్లు వేరైనా ఒకే క్లాసు సరిపోయేది.

6.6 సంబంధాలు, సంఖ్యలు

క్లాసులు దొరికిన తరవాత వాటి మధ్య సంబంధాలు గీయాలి. సంబంధం రెండు చివరలా ఎన్ని ఆబ్జెక్టులు ఉండవచ్చో రాయాలి. దీనిని మల్టిప్లిసిటీ అంటారు.

సర్వీసు – ట్రిప్పు: ఒక సర్వీసుకు అనేక ట్రిప్పులు ఉంటాయి. ఒక ట్రిప్పు కచ్చితంగా ఒకే సర్వీసుకు చెందుతుంది.

ట్రిప్పు – టికెట్టు: ఒక ట్రిప్పుకు సున్నా నుండి ఎన్ని టికెట్లయినా ఉండవచ్చు. ఒక టికెట్టు ఒకే ట్రిప్పుకు చెల్లుతుంది.

ట్రిప్పు – వాహనం: ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక ట్రిప్పుకు ఒక వాహనం అని రాయాలనిపిస్తుంది. కానీ కొన్ని వారాల ముందే టికెట్టు కొన్నప్పుడు ఏ వాహనం వస్తుందో ఎవరూ నిర్ణయించి ఉండరు. కాబట్టి కనీస సంఖ్య 1 కాదు, 0. దారి మధ్యలో వాహనం చెడిపోయి మరొకటి వస్తే, ఒకే ట్రిప్పుకు రెండు వాహనాలు పనిచేసినట్లు. కాబట్టి గరిష్ఠ సంఖ్య కూడా 1 కాదు. ఈ సంబంధాన్ని 0..* అని రాయాలి. చిన్న సంఖ్యే అయినా, దానిని సరిగా రాయాలంటే డిపోకు వెళ్లి అడగక తప్పదు.

ఇదే ఆలోచన మరో ప్రశ్నకు దారితీస్తుంది. వాహనం తెలియకముందే సీట్లు ఎలా అమ్ముతున్నాం? సీట్ల అమరిక వాహనం నుండి కాకుండా సర్వీసు నుండి వస్తోందన్నమాట. ఫలానా రకం బస్సు నడుపుతామని సర్వీసు మాట ఇస్తుంది. ఆ మాట ప్రకారం టికెట్లు అమ్ముతాం. అందుకని 'సీట్ల అమరిక' అనే మరో క్లాసు కావాలి. సర్వీసుకు ఒక అమరిక ఉంటుంది, వాహనానికి ఒక అమరిక ఉంటుంది. వాహనాన్ని ట్రిప్పుకు కేటాయించేటప్పుడు రెండూ సరిపోలుతున్నాయా అని చూడాలి. సరిపోలకపోతే 38వ నంబరు సీటు కొన్న వ్యక్తి 36 సీట్ల బండి ఎక్కాల్సి వస్తుంది.

ఇక సీటు నంబరు ఎవరి లక్షణం? ప్రయాణికుడిది కాదు, ఆయన రేపు వేరే బస్సులో వేరే సీటులో కూర్చుంటాడు. టికెట్టుది కూడా కాదు, ఒకే టికెట్టుపై నలుగురు ప్రయాణించవచ్చు. అది ఆ టికెట్టుపై ఆ ప్రయాణికుడికి ఇచ్చిన చోటు. కాబట్టి 'సీటు కేటాయింపు' అనే క్లాసును టికెట్టుకు, ప్రయాణికుడికి మధ్య పెట్టాలి. అప్పుడు నలుగురిలో ఒకరు మానుకొంటే ఆ ఒక్క కేటాయింపునే రద్దు చేయవచ్చు.

6.7 బాధ్యతలను అప్పగించడం

ప్రతి క్లాసుకూ తెలిసి ఉండవలసినవి, చేయవలసినవి ఉంటాయి. వీటిని బాధ్యతలు అంటారు. బాధ్యతలను పంచడానికి కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ 1989లో సీఆర్‌సీ కార్డుల పద్ధతిని వివరించారు. ఒక చిన్న అట్టముక్కపై క్లాసు పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు అది సహాయం తీసుకొనే క్లాసుల పేర్లు రాయాలి. కార్డు చిన్నది కావడమే దాని ప్రయోజనం. బాధ్యతలు కార్డులో పట్టకపోతే ఆ క్లాసుపై భారం ఎక్కువైందని అర్థం.

క్లాసు: ట్రిప్పు
బాధ్యతలు: ఖాళీ సీట్లు చెప్పడం, సీటు కేటాయించడం, వాహనాన్ని కేటాయించుకోవడం, రద్దు కావడం
సహకరించేవి: సర్వీసు, సీట్ల అమరిక, టికెట్టు, వాహనం

బాధ్యతను ఎవరికి ఇవ్వాలన్నదానికి ఒక మంచి సూత్రం ఉంది: ఆ పనికి కావలసిన సమాచారం ఎవరి దగ్గర ఉందో వారికే ఆ పని ఇవ్వండి. ఖాళీ సీట్లు ఎన్నో ట్రిప్పుకే తెలుసు, ఎందుకంటే అమ్మిన టికెట్లు దానితోనే ముడిపడి ఉన్నాయి. సర్వీసును అడిగితే "ఏ రోజు?" అంటుంది. వాహనాన్ని అడిగితే తనకు టికెట్ల సంగతే తెలియదంటుంది.

6.8 వారసత్వం వాడేటప్పుడు జాగ్రత్త

వారసత్వం నేర్చుకొన్న కొత్తలో ప్రతిచోటా దానిని వాడాలనిపిస్తుంది. ఉదాహరణకు 'ప్రయాణికుడు' కింద 'వయోవృద్ధుడు' అనే ఉపక్లాసు పెట్టి, రాయితీని అందులో రాస్తారు. కానీ మనిషి వయసు పెరుగుతుంది. నిన్న సాధారణ ప్రయాణికుడైన వ్యక్తి నేడు వయోవృద్ధుడు కావచ్చు. సాధారణంగా వాడే భాషల్లో ఒక ఆబ్జెక్టు తన క్లాసును మధ్యలో మార్చుకోలేదు. పైగా ఒకే వ్యక్తికి రెండు రాయితీల అర్హత ఉండవచ్చు. కాబట్టి 'రాయితీ నియమం' అనే విడి క్లాసు పెట్టి, టికెట్టు ఇచ్చేటప్పుడు దానిని సంప్రదించడం మేలు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఒక నిజమైన మార్పు చూపిస్తుంది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుండి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ప్రయాణం ఉచితమైనా టికెట్టు మానలేదు, 'జీరో టికెట్టు' ఇస్తారు. ఎందుకు? ప్రయాణికురాలు చెల్లించేది సున్నా అయినా ఆ ప్రయాణానికి ఒక విలువ ఉంది. ఆ విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాలంటే లెక్క ఉండాలి. అంటే 'ఛార్జీ' అనే మాట వెనక కూడా రెండు భావనలున్నాయి: ప్రయాణం విలువ, ప్రయాణికుడు చెల్లించిన సొమ్ము. పథకం రాకముందు రెండూ చాలావరకు ఒకటే కాబట్టి ఒకే లక్షణంగా రాసినా నడిచేది. రెండింటినీ మొదటే విడదీసిన నమూనాలో ఇలాంటి మార్పును ఒక కొత్త నియమంగా చేర్చవచ్చు. విడదీయని నమూనాలో ప్రతి టికెట్టు లెక్కనూ తిరగరాయాలి.

6.9 నమూనాను సంఘటనలతో పరీక్షించడం

చిత్రం గీయగానే విశ్లేషణ పూర్తికాదు. జరగడానికి వీలున్న సంఘటనలను ఒక్కొక్కటిగా తీసుకొని, ఏ ఆబ్జెక్టులు మారతాయో వేలుపెట్టి చూపించండి.

సంఘటన 1: వచ్చే నెల ఒకటో తేదీ నుండి బయలుదేరే సమయం మారుతుంది. కొత్త సమయాన్ని, అది అమల్లోకి వచ్చే తేదీని సర్వీసులో ఒక్కచోట నమోదు చేస్తాం. ప్రతి ట్రిప్పూ తన తేదీకి వర్తించే సమయాన్ని సర్వీసును అడుగుతుంది. గడిచిన ట్రిప్పుల వివరాలు చెదరవు.

సంఘటన 2: బయలుదేరే ముందు వాహనం మార్చారు. ట్రిప్పుకు, వాహనానికి మధ్య ఉన్న సంబంధం ఒక్కటే మారుతుంది. టికెట్లు ట్రిప్పుతో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఒక్కటి కూడా పోదు.

సంఘటన 3: రేపటి ట్రిప్పు రద్దయింది. ఆ ట్రిప్పు స్థితి 'రద్దయింది' అని మారుతుంది. దాని టికెట్లకే సొమ్ము వాపసు చేయాలి. సర్వీసు, ఎల్లుండి ట్రిప్పు అలాగే ఉంటాయి. రద్దయిన టికెట్లను తొలగించకూడదు. వాపసుకు, తరవాతి లెక్కలకు అవి కావాలి.

మొదట మనం చూసిన ఒంటరి 'బస్సు' క్లాసును ఇవే సంఘటనలతో మీరే పరీక్షించండి. అది ఎక్కడెక్కడ తడబడుతుందో కనబడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వాహనం వివరాలు తెలియకముందే టికెట్టు అమ్మగలగాలంటే ట్రిప్పు – వాహనం సంబంధంలో కనీస సంఖ్య ఎంత ఉండాలి?
2. గ్రంథాలయంలో "ఆ పుస్తకం మా దగ్గర ఐదు ఉన్నాయి", "ఆ పుస్తకం అట్ట చిరిగింది" అనే వాక్యాలలో 'పుస్తకం' వెనక ఉన్న భావనలు ఏవి?
3. రద్దయిన టికెట్టును ఎందుకు తొలగించకూడదు?

6.10 సారాంశం

జనం వాడే మాటలు విశ్లేషణకు ముడిసరుకు. వాటిని విన్నది విన్నట్టు క్లాసులుగా రాస్తే సరిపోదు. గుర్తింపు, ఆయుష్షు, మార్పు అనే మూడు ప్రశ్నలు వేసి, ఒకే మాట వెనక దాగిన భావనలను విడదీయాలి. సంబంధాలలోని సంఖ్యలను క్షేత్రంలో అడిగి తెలుసుకోవాలి. సమాచారం ఉన్న క్లాసుకే బాధ్యత ఇవ్వాలి. కాలంతో మారే అర్హతలకు వారసత్వం బదులు విడి నియమాలు వాడాలి. చివరగా, నమూనాను సంఘటనలతో పరీక్షించాలి. ఈ దశలో కాగితంపై ఒక పెట్టెను రెండు చేయడానికి ఒక నిమిషం చాలు. వేల టికెట్లు అమ్మిన తరవాత అదే పని చేయాలంటే, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది బస్ స్టేషన్‌లో నిలబడ్డ ప్రయాణికుడు.

6.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. సున్నా.
2. రచన ఒకటి, దాని ప్రతి మరొకటి. రచనను శీర్షికతో, రచయిత పేరుతో గుర్తిస్తాం. ప్రతిని గ్రంథాలయం వేసిన నంబరుతో గుర్తిస్తాం. పాఠకుడు కోరేది రచనను, ఇంటికి తీసుకువెళ్లేది ప్రతిని.
3. సొమ్ము వాపసుకు, లెక్కల తనిఖీకి ఆధారం కావాలి కాబట్టి. తొలగించే బదులు దాని స్థితిని మార్చాలి.

6.12 పదకోశం

యూజ్ కేస్: వాడుకరి ఒక ప్రయోజనం కోసం వ్యవస్థతో జరిపే వ్యవహారపు వరుస వివరణ.
మల్టిప్లిసిటీ: ఒక సంబంధంలో పాల్గొనగల ఆబ్జెక్టుల కనీస, గరిష్ఠ సంఖ్యలు.
బాధ్యత: ఒక క్లాసుకు తెలిసి ఉండవలసిన లేదా అది చేయవలసిన పని.
స్థితి: ఒక ఆబ్జెక్టు తన ఆయుష్షులో ఒక సమయాన ఉన్న దశ.

6.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. సమస్యా వివరణ నుండి క్లాసులను గుర్తించే పద్ధతిని ఒక ఉదాహరణతో వివరించండి.
2. బస్సు రిజర్వేషన్ వ్యవస్థకు క్లాసు చిత్రం గీసి, ప్రతి సంబంధంలోని సంఖ్యలకు కారణాలు రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. విశ్లేషణకు, రూపకల్పనకు మధ్య తేడా తెలపండి.
2. సీఆర్‌సీ కార్డు ఉపయోగాలను తెలపండి.
3. మీ అధ్యయన కేంద్రంలో 'తరగతి' అనే మాటను ఎన్ని అర్థాల్లో వాడుతున్నారో గమనించి, వాటికి తగిన క్లాసులను సూచించండి.